హాసెల్‌డన్ ఉల్లిగండం

హాసెల్‌డన్,
ఆగస్టు 10, 1996.

చిరంజీవి బెవర్లీకి కత్‌బర్ట్ మామయ్య దీవించి రాసేది.

ఇక్కడ నేనూ మీ ఐవీ అత్తయ్యా కులాసా. ఉల్లిపాయ కూడా కులాసా. ఏ ఉల్లిపాయ అని అడిగావంటే మాత్రం నువ్వు మా చెల్లెలి కడుపున పుట్టలేదనుకుంటాను. గని మూతపడ్డాక ఈ ఊళ్ళో మగాళ్ళకి మిగిలినవి క్లబ్బులో బీరూ, రైలుకట్ట వెనక తలా ఓ తోట ముక్కా. సెప్టెంబర్‌లో క్లబ్బువాళ్ళు పెట్టే ఉల్లిపాయల పోటీ మాకు పండగ. ఎవరి ఉల్లి ఎక్కువ తూగితే వాడికి కప్పు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కప్పు నార్మన్ స్టోకో ఇంట్లోనే ఉంది. నాకు ఎప్పుడూ రెండో బహుమతిగా దుప్పటి ఇస్తారు. ఇంట్లో దుప్పట్లు పెట్టడానికి చోటు లేదు.

ఈ ఏడాది నా ఉల్లి అతని దానికన్నా పెద్దది. కొలవలేదు, కంచె మీంచి చూశాను. అతనూ చూశాడు. అప్పట్నుంచి నన్ను పలకరించడం మానేశాడు. ఇంతకన్నా కొలత ఏం కావాలి?

ఇక అసలు సంగతి. మా బెవర్లీ లండన్‌లో టీవీ వార్తల్లో పని చేస్తోంది, 'అలారం' కార్యక్రమం చివర పేరు కూడా వేస్తారు అని మీ అమ్మ వీధి వీధంతా చాటింది. సరే అని గురువారం కళ్ళజోళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. ఆ జూలియన్ క్రేక్ అనే ఆయన బల్ల గుద్ది, "బ్రిటన్ ఏడుస్తోంది!" అని అరిచాడు. "ఈ క్షణంలో ఎన్ని వంటిళ్ళలో ఎంతమంది కత్తి చేత్తో పట్టుకుని కన్నీరు కారుస్తున్నారు? ప్రభుత్వం ఎందుకు దాస్తోంది?" అన్నాడు. వెనకాల దేశపటం మీద ఉల్లిపాయలు బారులు తీరి నడిచొస్తున్నాయి. తర్వాత ఓ పార్లమెంటు సభ్యుడు చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, గాజుపెట్టెలో ఉల్లిపాయ చూపించి, "ఇది కూరగాయ కాదు. గుండ్రంగా ఉన్న దుఃఖం" అన్నాడు. పిడికిలికన్నా పెద్ద ఉల్లి ఇంట్లో ఉంటే పిల్లల్ని మేడ మీదికి పంపమన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఉల్లి తరిగి ఏడ్చింది తక్కువ, గని మూసినప్పుడు ఏడ్చింది ఎక్కువ. దాని మీద మీ వాళ్ళెవరూ బల్ల గుద్దలేదు. ఇప్పుడు మా ఊరి కౌన్సిల్ పెద్ద మిసెస్ గౌలాండ్ అత్యవసర సమావేశం పెట్టింది. ఆ మనిషి పోయినేడాది కుక్క దగ్గితే కూడా సమావేశం పెట్టింది. నువ్వు ఆ క్రేక్‌కి చెప్పి, పొరపాటు జరిగిందని టీవీలో ఓ మాట అనిపించు. లేకపోతే పోటీకి ఎసరొస్తుంది.

ఉంటాను,
మీ మామయ్య.

తా.క.: ఆయన టై ఎక్కడ కొన్నాడో అత్తయ్య కనుక్కోమంది.

తా.క. రెండు: ఇది రాస్తుంటే అత్తయ్య వంటింట్లో కళ్ళు తుడుచుకుంటోంది. ఉల్లిపాయలే తరుగుతోంది. అయినా మొదటిసారి నాకు కాస్త గుబులు పుట్టింది.


లండన్,
ఆగస్టు 13.

మామయ్యకూ అత్తయ్యకూ నమస్కారాలు.

మామయ్యా, కుర్చీలో కూర్చుని చదువు. 'అలారం' వార్తలు కాదు. వార్తల్ని వెక్కిరించే కార్యక్రమం. హాస్యం. అమ్మకి చెబితే వీధిలో తలెత్తుకోలేదని ఇన్నాళ్ళూ దాచాను.

ఈ మధ్య ఏ ఛానల్ పెట్టినా ఎవడో ఒకడు రొమ్ము బాదుకుంటున్నాడు కదా. ఓ వారం దిండ్లు ప్రమాదం, మరో వారం పక్కింటివాడు ప్రమాదం. వాళ్ళ ముఖం వాళ్ళకే చూపిద్దామని మేం ఇది మొదలుపెట్టాం. అస్సలు నమ్మడానికి వీల్లేని సంగతి ఏముంటుందా అని ఆలోచిస్తుంటే నువ్వూ నీ ఉల్లీ గుర్తొచ్చారు. అది రాసింది నేనే. ఎవరైనా నమ్ముతారని కలలో కూడా అనుకోలేదు. ఆ పార్లమెంటు సభ్యుడు మాత్రం నిజం సభ్యుడే. కెమెరా ఉంటుందని కబురు పెట్టాం, విషయం ఏమిటో అడక్కుండానే వచ్చేశాడు. కన్నీళ్ళ మాట వినగానే ఆయన కళ్ళలో మెరుపు చూడాలి. రబ్బరు తొడుగులు ఆయనే తెచ్చుకున్నాడు.

ఈ ఉత్తరం మిసెస్ గౌలాండ్‌కి చూపించు. నీ పోటీకి ఏమీ కాదు.

ప్రేమతో,
బెవర్లీ.

తా.క.: క్రేక్ నాటకాల్లో వేషాలేసే నటుడు. టై అద్దెది. బల్ల గుద్దుడు చప్పుడు కూడా మేం విడిగా కలుపుతాం. నిజంగా గుద్దితే చెయ్యి నొప్పంటాడు.


హాసెల్‌డన్,
ఆగస్టు 17.

చిరంజీవి బెవర్లీకి,

నీ ఉత్తరం చదివాక మాకు ముద్ద దిగలేదు. ఎవరో పక్కన నిలబడి బెదిరించి రాయించారని తెలిసిపోతూనే ఉంది. మీ అమ్మతో ఈ మాట అనలేదు, ఆవిడ గుండె ఆగిపోతుంది.

నువ్వే ఆలోచించు. పార్లమెంటు సభ్యుడు అబద్ధం చెబుతాడా? చెబుతాడు, నేను కాదనను. కానీ ఉల్లిపాయ మీద అబద్ధం చెబితే ఆయనకేం ఒరుగుతుంది? కాబట్టి మీ వాళ్ళు పొరపాటు పడ్డారు, ఇప్పుడు పరువు పోతుందని 'అబ్బే, నవ్వులాటకి' అని నీచేత బొంకిస్తున్నారు. పెద్ద ఆఫీసులన్నీ అంతే. గనిలో పైకప్పు కూలినప్పుడు కూడా మా మేనేజరు ముందు నవ్వాడు.

మిసెస్ గౌలాండ్‌కి ఉత్తరం చూపించాను. చదివి, చదివి, అద్దాలు తీసి, "చూశావా కత్‌బర్ట్, పాపం ఆ పిల్ల నోరు నొక్కేశారు. అంటే విషయం మనం అనుకున్నదానికన్నా ముదిరింది" అంది. ఆ సాయంత్రమే పోటీ రద్దు చేశారు. పిడికిలికన్నా పెద్ద ఉల్లి ఎవరి తోటలో ఉన్నా కౌన్సిల్‌కి చెప్పాలట. ఎవరి పిడికిలి అని నార్మన్ అడిగాడు. మిసెస్ గౌలాండ్ పిడికిలి అని తీర్మానం చేశారు. ఆవిడది చంటిపిల్ల చెయ్యి. ఊళ్ళో వెల్లుల్లి కూడా నేరమయ్యేట్టుంది.

బెవర్లీ, నీ దగ్గర దాపరికం ఎందుకు? నాకు బాధగా ఉంది. ఉల్లి వచ్చే ఏడాదికి ఆగదు, పగిలిపోతుంది. నేనూ వచ్చే ఏడాది మోకాళ్ళ మీద కూర్చుని కలుపు తీయగలనో లేదో. ఒక్కసారి ఆ తక్కెడ మీద పెట్టించుకుందామని ఆశ. అంతే.

ఎలాగైనా చెయ్యి. ఉద్యోగం మాత్రం పోగొట్టుకోకు.

మీ మామయ్య.

తా.క.: నువ్వు అన్న హాస్య కార్యక్రమం ఏదో మేం కనిపెట్టేశాం. రోజూ రాత్రి తొమ్మిదింటికి వస్తుంది కదూ? ఎంత బాగుందే! నిన్న ఓ మంత్రి వేషగాడు రోడ్డు మీద గుంతలో నడుం దాకా నిలబడి, రోడ్ల మీద గుంతలు లేవన్నాడు. ఇంకొకడు ఆసుపత్రులు తగ్గితే రోగాలు తగ్గుతాయన్నాడు. ముఖంలో నవ్వన్నది లేదు. అత్తయ్య నవ్వలేక పళ్ళసెట్టు తీసి పక్కన పెట్టుకుంది.


లండన్,
ఆగస్టు 20.

మామయ్యా,

తొమ్మిదింటివి నిజం వార్తలు! ఆ మంత్రులు నిజం మంత్రులు! దయచేసి నవ్వడం ఆపండి!

నన్నెవరూ బెదిరించలేదు. మా పెద్దాయన క్వెంటిన్‌కి మీ ఊరి సంగతి చెబితే బెదరడం సంగతి అటుంచి, కుర్చీలోంచి లేచి గంతులేశాడు. "ఊరు ఊరంతా నమ్మిందా? బంగారం! కెమెరాలు పంపిద్దాం, ఆ కౌన్సిల్ ఆవిడ పిడికిలి దగ్గరగా తీద్దాం" అన్నాడు. మా మామయ్య జోలికొస్తే నేను మానేస్తానన్నాను. "మీ మామయ్య కూడా ఉన్నాడా? ఇంకా బాగుంది" అన్నాడు. ఇక్కడ మనుషులు అలా ఉంటారు.

చివరికి గొడవపడి ఒక్కటి సాధించాను. ఈ గురువారం క్రేక్ అరుపులూ గుద్దుళ్ళూ లేకుండా, ఉల్లి వల్ల ఏ ప్రమాదమూ లేదని చెబుతాడు. ఒక్కో మాటా నేనే రాశాను. ఒక్క జోకు కూడా లేదు. మిసెస్ గౌలాండ్‌ని దగ్గర కూర్చోబెట్టి చూపించు.

నీ ఉల్లి తక్కెడ ఎక్కుతుంది మామయ్యా. నేను పెట్టిన చిచ్చు నేనే ఆర్పుతాను.

బెవర్లీ.

తా.క.: గుంతలో మంత్రిని నేనూ చూశాను. నిజం చెప్పాలంటే నాకూ నవ్వొచ్చింది. అలాంటిది మేం రాస్తే 'మరీ అతిగా ఉంది' అని క్వెంటిన్ కొట్టేస్తాడు.


హాసెల్‌డన్,
ఆగస్టు 25.

చిరంజీవి బెవర్లీకి,

ఎంత పని చేశావే తల్లీ!

క్లబ్బులో పెద్ద టీవీ ముందు ఊరంతా కూర్చున్నాం. ఆ క్రేక్ మెల్లగా, చేతులు కట్టుకుని, "ఉల్లిపాయల వల్ల ఎలాంటి ప్రమాదమూ లేదు. ప్రజలు కంగారు పడాల్సిన పని లేదు" అన్నాడు. అంతే, ఎవరో గ్లాసు కింద పడేశారు. ఈ ఊరివాళ్ళం, మాకు తెలియదా? 'కంగారు పడాల్సిన పని లేదు' అనే మాట మాకు ఇదివరకు ఒక్కసారే చెప్పారు. చెప్పిన నెలలో గనికి తాళం వేశారు.

"అరిచినంత సేపూ ఏదో ఆశ ఉండేది" అంది మిసెస్ గౌలాండ్, నీరసంగా.

మర్నాడు పొద్దున్నే కొట్టువాడు ఉల్లిపాయలు బస్తాలతో సహా వీధి చివర పారబోశాడు. చర్చి ఫాదర్ సూప్ మానేశాడు. మిసెస్ గౌలాండ్ తనూ రబ్బరు తొడుగులు తగిలించుకుని ఆహార శాఖకి ఉత్తరం రాసింది, జిల్లా పేపరు వాళ్ళు వచ్చి ఫొటోలు తీశారు. వచ్చే శనివారం కౌన్సిల్ మనుషులొచ్చి పెద్ద ఉల్లిపాయలన్నీ పెరికి గోతిలో పూడుస్తారట.

నేను తోటలో కుర్చీ వేసుక్కూర్చున్నాను. రమ్మను, ఎవడొస్తాడో చూస్తాను. కాసేపటికి నార్మన్ స్టోకో ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేశాడు. ఎన్నాళ్ళకో నోరు విప్పాడు.

"నీది నాదానికన్నా పెద్దదేరా" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

"ఓడిపోతే నీ చేతిలో ఓడిపోతాను. ఆ రబ్బరు తొడుగుల ఆడమనిషి చేతిలో కాదు" అన్నాడు. తర్వాత ఫ్లాస్కులో టీ ఇచ్చాడు. చక్కెర వెయ్యలేదు. అయినా తాగాను.

మీ మామయ్య.

తా.క.: మొన్న తొమ్మిదింటి హాస్యంలో మా ఊరే చూపించారు. వీధి చివర ఉల్లి కుప్ప, మిసెస్ గౌలాండ్ పిడికిలి, అన్నీ. ఇంత దూరం వచ్చి ఇంత శ్రద్ధగా తీశారంటే ముచ్చటేసింది. మీ 'అలారం' వాళ్ళు వాళ్ళని చూసి నేర్చుకోవాలి.


లండన్,
ఆగస్టు 28.

మామయ్యా,

తపాలా వాళ్ళ సమ్మె ఉంది, ఇది ఎప్పుడు అందుతుందో ఏమో. మీ ఇంట్లో ఫోన్ పెట్టించుకోమని ఎన్నిసార్లు చెప్పాను!

నిన్న నేనే ఆహార శాఖకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "అయ్యా, అదంతా హాస్యం. నేనే రాశాను. నా బల్ల మీద కూర్చుని, బిస్కెట్ తింటూ రాశాను" అన్నాను. అవతలి పెద్దమనిషి గొంతు తగ్గించి, "మేడమ్, దీని మీద కమిటీ వేసేశామండీ" అన్నాడు. "అయితే రద్దు చెయ్యండి" అన్నాను. "కమిటీని రద్దు చెయ్యాలంటే ఇంకో కమిటీ వెయ్యాలి" అన్నాడు.

అయితే ఒక మంచి కబురు. ప్రజలకి ధైర్యం చెప్పడానికి సహాయ మంత్రిగారు శనివారం కెమెరాలతో మీ ఊరే వస్తున్నారు. దేశంలో కల్లా పెద్ద ఉల్లి పక్కన నిలబడి ఫొటో దిగుతారట. ఫొటో కావాలంటే ఉల్లి కావాలి, ఉల్లి కావాలంటే పోటీ జరగాలి. కౌన్సిల్‌కి ఫోన్ చేసి, పోటీ ముందుకు జరిపి శనివారమే పెట్టమన్నారు. నువ్వు గెలిచినట్టే!

ఒక్కటే జాగ్రత్త. మన మంత్రులకి ఓ జబ్బుంది. ఏదైనా ప్రమాదం కాదని నిరూపించాలంటే కెమెరా ముందు దాన్ని తినేస్తారు. తూకం అయ్యేదాకా ఆయన్ని ఉల్లి దగ్గరికి రానివ్వకు.

బెవర్లీ.

తా.క.: ముఖ్యంగా నోటి దగ్గరికి.


హాసెల్‌డన్,
సెప్టెంబర్ 2.

చిరంజీవి బెవర్లీకి,

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. శనివారం అయిపోయిన తర్వాత. ఏమని చెప్పను!

క్లబ్బు హాల్లో బల్లల మీద ఉల్లిపాయలు పెట్టాం. ముందు వరసలో నాదీ నార్మన్‌దీ. మిసెస్ గౌలాండ్ రబ్బరు తొడుగులు వేసుకునే రిబ్బను కట్ చేసింది. మంత్రిగారు వచ్చారు. చక్కటి సూటు, చక్కటి జుట్టు. తూకం మొదలుపెట్టబోతుంటే ఆయన నా ఉల్లి దగ్గర ఆగి, కెమెరా వైపు తిరిగి, "నా సొంత పిల్లలకైనా నిశ్చింతగా పెడతాను" అన్నాడు. పిల్లలు దగ్గర లేరు. కాబట్టి రెండు చేతులతో నా ఉల్లిని ఎత్తి, పొట్టుతో సహా, ఓ పక్క కసుక్కున కొరికేశాడు.

అత్తయ్య కెవ్వుమంది. నేను కుర్చీలో కూలబడ్డాను. నార్మన్ ఉల్లికీ నా ఉల్లికీ తేడా ఎంతని! సరిగ్గా ఓ మంత్రి నోరంత. మంత్రుల నోళ్ళు చిన్నవి కావుగా.

ఆయన పరిస్థితి ఇంకా కనాకష్టం. మింగలేడు, కెమెరా ముందు ఉమ్మలేడు. బుగ్గ ఉబ్బింది. కళ్ళలోంచి ధారాపాతంగా నీళ్ళు. "ఎలాంటి... ప్రమాదమూ..." అంటున్నాడు, ఆపైన మాట రావడం లేదు.

తూకం చూసే పెద్ద నిబంధనల పుస్తకం తిరగేసి, "ఉల్లి బల్ల మీదికి వచ్చాక ఏదైనా రాలితే, రాలినది కూడా తూకంలోకి వస్తుంది" అన్నాడు. అంతవరకు బాగానే ఉంది, రాలినది మంత్రిగారి నోట్లో ఉంది. అప్పుడు నార్మన్ లేచాడే! ఊరికే కూర్చుంటే చాలు, కప్పు మళ్ళీ అతనిదే. అలాంటివాడు టీ సాసరు పట్టుకుని నేరుగా మంత్రిగారి గెడ్డం కింద పెట్టి, "ఉమ్మండి సార్. అది కత్‌బర్ట్‌ది" అన్నాడు.

వెనకున్న గుమాస్తాలు అడ్డం పడబోయారు. మా గనివాళ్ళందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఇంతలో మిసెస్ గౌలాండ్ ముందుకొచ్చి, రబ్బరు తొడుగు వేలు చూపించి, "సభ్యులు నిబంధనలకి కట్టుబడాలి" అంది. ఆవిడ మీద నాకున్న కోపమంతా ఆ క్షణంలో ఎగిరిపోయింది.

ఉమ్మాడు. సాసరు బరువు తీసేసి తూచారు. ముల్లు అటూ ఇటూ ఊగి ఊగి నావైపు ఆగింది.

నేను ఏడ్చాను బెవర్లీ. అందరి ముందూ. ఉల్లి ఘాటు అనుకున్నారు, అనుకోనీ. కప్పు ఇప్పుడు మా వంటింటి కిటికీలో ఉంది. నార్మన్‌కి దుప్పటి వచ్చింది. అది కప్పుకుని ఇంటిదాకా నాతో నడిచొచ్చాడు.

మీ మామయ్య.

తా.క.: ఆ రాత్రి తొమ్మిదింటికి అదంతా వేశారు. ఇన్నేళ్ళలో ఇంత నవ్వింది లేదు. అంతా చూశాక గానీ నాకు తట్టలేదు, ఆ వచ్చినవాడు మంత్రి కాడు, ఆ కార్యక్రమంలో వేషగాడు. కన్నీళ్ళు అలా ధారగా కార్చడం మామూలు నటుల వల్ల అవుతుందా? మహానుభావుడు.


లండన్,
సెప్టెంబర్ 10.

మామయ్యా,

కప్పు గెలిచావని చదివి ఆఫీసులో బల్ల ఎక్కి అరిచాను. అలా బల్ల ఎక్కడం అదే ఆఖరు. 'అలారం' ఆపేశారు.

క్వెంటిన్‌ని పైవాళ్ళు పిలిచి, మీ మంత్రి వీడియో చూపించి, "దీనికన్నా బాగా నువ్వు రాయించగలవా?" అని అడిగారట. లేదన్నాడు. "ఇది మాకు ఉచితంగా వస్తోంది. మరి మీకు జీతాలెందుకు?" అన్నారట. క్రేక్ టై తిరిగిచ్చేశాడు.

మర్నాడే తొమ్మిదింటి వార్తల పెద్దాయన నన్ను పిలిపించాడు. తిట్టడానికి అనుకున్నాను. "ఉల్లి ప్రమాదాన్ని దేశంలో అందరికన్నా ముందు పసిగట్టిన అమ్మాయివి నువ్వేనా?" అన్నాడు. "సార్, అది కల్పించి రాసింది" అన్నాను. "వినయం కూడా ఉంది" అని పక్కాయనతో అన్నాడు. సోమవారం నుంచి అక్కడ పని. మొదటి పని ఉల్లి కమిటీ విచారణ. సాక్షుల పట్టికలో మొదటి పేరు నాదే ఉంది, నన్ను నేనే ప్రశ్నలు అడగాలేమో.

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. అమ్మకి మాత్రం ఇక నిజం చెప్పక్కర్లేదు. నేనాడిన అబద్ధం దానంతటదే నిజమైంది.

మీ బెవర్లీ.

తా.క.: ఆయన నిజం మంత్రి. ఇంక నేను చెప్పను.


హాసెల్‌డన్,
సెప్టెంబర్ 14.

చిరంజీవి బెవర్లీకి మామయ్య మనసారా దీవించి రాసేది.

'అలారం' ఆపేశారంటే దిగులేసింది. ఉల్లి విషయంలో పొరపాటు పడితే పడ్డారు గానీ, ఉన్న ఒక్క నిజాయితీ గల వార్తలూ పోయాయి. ఆ క్రేక్ బల్ల గుద్దితే మనకోసం ఎవడో ఒకడు కోప్పడుతున్నాడని ధైర్యంగా ఉండేది.

అయినా నీకు మంచే జరిగింది. తొమ్మిదింటి హాస్యంలో చేరావంటే చిన్న విషయమా! నీకు చిన్నప్పటి నుంచీ నవ్వించడం వచ్చు. మీ అమ్మకి నేనే నచ్చజెప్పాను, వార్తలు మానేసి హాస్యంలోకి వెళ్ళడంలో తప్పేం లేదని. ముందు కాస్త ఏడ్చింది, తర్వాత సర్దుకుంది. ఇప్పుడు వీధంతా తొమ్మిదింటికి మా ఇంట్లోనే చేరి నవ్వుతున్నారు. నీ పేరు పడగానే చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నాం. మంత్రి వేషం వేసినాయన కనిపిస్తే మా నమస్కారాలు చెప్పు, ఉమ్మిన ముక్క సీసాలో వెనిగర్ పోసి భద్రంగా దాచాం, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు.

అత్తయ్య ఆశీస్సులు. స్వెట్టర్ వేసుకో, లండన్ చలి మంచిది కాదు.

మీ మామయ్య.

తా.క.: ఒక చిన్న సాయం. వచ్చే ఏడాది క్లబ్బువాళ్ళు అదే కప్పుకి గుమ్మడికాయలు కూడా తూస్తారట, నార్మన్ ఉల్లి మానేసి గుమ్మడి వేస్తానంటున్నాడు. పాదు కోసం తవ్విన గొయ్యి చూశాను, నాకు నిద్ర పట్టడం లేదు. నీ పాత ఆఫీసు వాళ్ళెవరైనా మళ్ళీ మొదలుపెడితే, గుమ్మడికాయల గురించి ఒక్క ముక్క చెప్పమను. అరవక్కర్లేదు. కంగారు పడాల్సిన పని లేదని, మెల్లగా, చేతులు కట్టుకుని చెబితే చాలు.